చేత్తో దిద్దిన తెర

రిటైరయి రెండేళ్లయింది. ఇప్పుడు నన్నెవరైనా "సాఫ్ట్‌వేరులో ఏం చేసేవారు సార్?" అని అడిగితే "తెరలు రాసేవాణ్ణి" అంటాను. గీసేవాణ్ణి అని మాత్రం అనను. ఆ తేడా మీద నాకు పట్టింపు ఎక్కువ. అంత పట్టింపున్న నేనే ఒక మామిడి సీజనులో చేయకూడని పని చేసి, ఒక మనిషి నోటికాడి కూడు లాగేసినంత పని చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరైనా చదువుతారని ఆ సంగతి రాస్తున్నాను. నా గొప్పలు వినాలనుకునేవాళ్లు ఇంకో రోజు రావచ్చు. అవి తక్కువే ఉన్నాయి, త్వరగా అయిపోతాయి.

మాది తిరుపతి బైపాస్ రోడ్డులో ఒక టిఫిన్ హోటలు మేడ మీద రెండు గదుల కంపెనీ. ఓనరు, నేను, ఇంకో నలుగురు. రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు, నాయుడుపేట వైపు గోడౌన్లకు మెషీన్ల ముందు పెట్టే కంప్యూటర్ తెరలు తయారు చేసేవాళ్లం. ఏ బటన్ తాకితే ఏ మోటారు తిరగాలి, ఏ వాల్వు తెరుచుకోవాలి, ఎక్కడెంత వేడి ఉందో మనిషికి ఎలా కనిపించాలి, ఇదీ మా పని. పొద్దున పది గంటలకల్లా కింది నుంచి కారం దోశ వాసన పైకొచ్చేది. ఆ వాసనలో కూర్చుని బుద్ధిగా పని చేయడం అంత తేలిక కాదు.

చాలామంది బటన్లను మౌసుతో లాగి తెర మీద పెడతారు. నాకది పెళ్లిపందిట్లో కుర్చీలు సర్దినట్టుండేది. ఒకటి జరిపితే ఇంకోటి జరుగుతుంది, ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు. నేను వాడిన పద్ధతి వేరు. తెర ఎలా ఉండాలో మామూలు ఫైలులో మాటలుగా రాస్తాం. ఇక్కడొక పెట్టె, అందులో రెండు బటన్లు, ఎడమది ఇది, కుడిది ఇది, మధ్యలో ఇంత ఖాళీ. దీన్ని మేం మూలం అనేవాళ్లం. కంప్యూటరులో ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి ఒక కమాండు కొడితే, కంపైలరు అనే సాధనం ఆ మూలాన్ని చదివి, ప్రోగ్రాముకు అర్థమయ్యే పొడుగాటి ఫైలుగా మార్చి ఇస్తుంది. తప్పు రాస్తే ఫలానా వరుసలో తప్పుందని చెప్పి ఆగిపోతుంది. మొహమాటం లేని మనిషితో పనిచేసినట్టుండేది, అందుకే నాకది నచ్చింది.

దీనికొక కట్టుబాటుంది. మార్పు ఏదైనా మూలంలోనే చేయాలి. కంపైలరు ఇచ్చిన ఫైలు మీద చెయ్యి పెట్టకూడదు. మళ్లీ కమాండు కొట్టినప్పుడు కంపైలరు దాన్ని మొత్తం కొత్తగా రాసేస్తుంది, మన చేతి దిద్దుబాటు జాడ కూడా మిగలదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇదే. గొంతు పెంచి మరీ చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది చిత్తూరు దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తెర రాశాను. ఆ వైపు జనం దాన్ని జూసు ఫ్యాక్టరీ అనే అంటారు. జూన్ వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడతాయి. లోపల ఆడవాళ్లు పొడుగాటి బల్లల ముందు నిలబడి కాయలు కోస్తారు. గుజ్జు తీసి, వేడిచేసి, ఒక పెద్ద ట్యాంకులోకి పంపుతారు. అక్కణ్ణుంచి సంచుల్లోకి నింపుతారు. నా తెర ఆ ట్యాంకు పక్కన ఉంటుంది. దాని మీద ముఖ్యమైన బటన్లు రెండు. నింపు అనేది గుజ్జును సంచుల్లోకి పంపుతుంది. కడుగు అనేది ట్యాంకు అడుగు తెరిచి, ఉన్నదంతా కాలవలోకి వదిలి, వేడినీళ్లు కొడుతుంది.

ఆ తెర ముందు పనిచేసే ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. సత్యవేడు దగ్గరి పల్లెలో పుట్టి ఈ పక్కకు కోడలుగా వచ్చింది. ఆరు సీజన్లు కోత బల్ల దగ్గర నిలబడింది. మామిడి సొన పడి ఆ చేతులు ఎలా పొక్కుతాయో చూసినవాళ్లకు తెలుసు. పైగా సీజను అయిపోతే కోత బల్ల వాళ్లకు పని ఉండదు. మెషీన్ల దగ్గర ఏడాది పొడుగునా పని ఉంటుంది. అంతవరకు మగవాళ్లే ఉన్న ఆ చోటికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమె. పదో తరగతి చదువుకుంది, తెర మీది తెలుగు గడగడా చదివేది.

తెర బిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె గంటసేపు పనిచేసి నన్ను పిలిచింది.

"సార్, దినానికి కడిగేది రెండు తూర్లు. నింపేది నూరు తూర్లు. నేను నిలబడేది ఈ పక్క. నా చెయ్యి పొయ్యేది ఎడమ బటను మీదికే. ఆడ కడిగేది పెట్టినారేంది?"

పొద్దున ముందు కడుగుతారు, తర్వాతే నింపుతారు కాబట్టి అదే వరుసలో పెట్టానని చెప్పాను. చెబుతుండగానే నాకే సిగ్గేసింది. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆలోచించిన వరుస అది.

"నింపేది ఈడికి మార్చండి సార్. చేతులకి గ్లౌజులు, కళ్లకి ఆవిరి. ప్రెతి తూరీ చదివి నొక్కేదానికి అయితాదా?"

ఆమె అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. కానీ నా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయి నల్లగా పడి ఉంది, ఛార్జరు తిరుపతిలో ఉంది. ఆ ఫ్యాక్టరీ కంప్యూటరులో కంపైలరు లేదు, తయారైన ఫైలు మాత్రమే ఉంది. బయట ట్రాక్టర్ల వాళ్లు అరుస్తున్నారు, మేనేజరు వాళ్లను సముదాయిస్తూ గేటు దగ్గర ఉన్నాడు. నేను తయారైన ఫైలు తెరిచాను. రెండు బటన్ల ముక్కలు వెతికి పట్టుకుని, ఫైలులో కింద ఉన్నదాన్ని పైకి, పైన ఉన్నదాన్ని కిందికి చేత్తో మార్చేశాను. తెర మీద నింపు ఎడమకు, కడుగు కుడికి వచ్చాయి. అయిదు నిమిషాల పని. సాయంత్రం ఆఫీసుకు పోగానే మూలంలో కూడా మార్చేద్దాం అనుకున్నాను. ఆమె నొక్కి చూసి, "ఇప్పుడు బాగుండాది సార్" అంది. నేను బస్సెక్కాను. చంద్రగిరి దాటకముందే రేణిగుంట నుంచి ఇంకో ఫ్యాక్టరీ ఫోన్ వచ్చింది. దిగి నేరుగా అటు పోయాను. మూలం సంగతి అంతటితో సరి. ఎప్పుడో గుర్తొచ్చి బద్ధకించలేదు, అసలు గుర్తే రాలేదు.

రెండు వారాలు అంతా చక్కగా నడిచింది. ఆ తర్వాత వేడి చూపించే అంకెలు చిన్నవిగా ఉన్నాయి, పెద్దవి చేయమని ఫ్యాక్టరీ నుంచి అడిగారు. మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఇంజనీరు అమ్మాయి ఆ పని చూసింది. మూలంలో అంకెల సైజు పెంచింది, కమాండు కొట్టింది, కొత్త ఫైలు పంపింది. నేను నేర్పిన పాఠం ప్రకారం ఒక్క పొల్లు తప్పకుండా చేసింది. అంకెలు పెద్దవయ్యాయి. వాటితోపాటు కడుగు బటన్ మళ్లీ ఎడమకు వచ్చి కూర్చుంది.

మర్నాడు పదకొండు గంటలకు ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు.

"సార్, కడిగే బటను యాడుండాది మీ తెర మీద? ఎడమనా, కుడినా?"

మూలం తెరిచి చూశాను. "ఎడమ సార్."

"మొదటి నుంచీ అంతేనా?"

ఏ రోజు ఏం మార్చామో చూపించే చరిత్ర కూడా మా దగ్గర ఉంటుంది. అదీ చూశాను. "మొదటి నుంచీ అంతే సార్. ఒక్కసారి కూడా మారలేదు."

"ఆయమ్మ ట్యాంకు గుజ్జంతా కాలవలోకి వదిలేసింది. బటన్లు వాటంతట అవే మారిపొయ్యినాయి అంటా ఉండాది."

"మారే అవకాశమే లేదు సార్" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ ఫోన్ స్పీకరులో పెట్టి ఉందని, ఆమె అక్కడే నిలబడి వింటోందని నాకు తర్వాత తెలిసింది. "ఆ సారే నా ముందర మార్చినాడు" అని ఆమె అందట. అప్పటికి నేను ఫోన్ పెట్టేశాను. మేనేజరు ఆ మాటను పట్టించుకోలేదు. రాసినాయనే మారలేదంటే ఇంకేం కావాలి? ఆ మధ్యాహ్నమే ఆమెను కోత బల్ల దగ్గరికి పంపారు. శనివారం తర్వాత అక్కడికి కూడా రావద్దన్నారు.

ఇన్నేళ్ల సర్వీసులో నాకు బుర్ర పనిచేయని రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం బుర్ర బాగానే పనిచేసింది, అందుకే ప్రమాదం. నా జ్ఞాపకాన్ని ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. ఫైలు చూశాను, చరిత్ర చూశాను, తీర్పు చెప్పేశాను. బటన్లు మారాయని ఒక మనిషి అంటుంటే ఆ మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు మీరు, తక్కినది మర్చిపోయినా ఫరవాలేదు.

గురువారం మధ్యాహ్నం ఇంజనీరు అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఆ జూసు ఫ్యాక్టరీ అక్క నాకు ఫోన్ చేసింది. 'నువ్వు పంపిన దాంట్లో బటన్లేమన్నా మార్చినావా పాపా' అని అడిగింది. నేను మార్చలేదు సార్. కానీ ఆయక్క అబద్ధం చెప్పే మాదిరి లేదు."

"చరిత్ర చూశాం కదమ్మా" అన్నాను.

"చూసినాం సార్. అయినా నేనొకటి చేసినా."

కొత్త ఫైలు పెట్టేముందు అక్కడున్న పాత ఫైలును ఆ అమ్మాయి తెప్పించి దాచిందట. అలా దాచమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా. ఇప్పుడు పాత మూలాన్ని మళ్లీ కంపైల్ చేసి, వచ్చినదాన్ని దాచిన ఫైలు పక్కన పెట్టింది. ఒకే మూలం, ఒకే కంపైలరు అయితే రెండూ ఒకేలా ఉండాలి. అవి ఒకేలా లేవు. బటన్ల దగ్గర తేడా ఉంది.

"ఈడ సూడండి సార్. పైనా కిందా ఖాళీ వరుసలు. కంపైలరు ఇట్ల రాయదు. ఇది మనిషి చెయ్యి."

చూశాను. మూలంలో ఏ ముక్క దిద్దినా దానికి పైన ఒకటి, కింద ఒకటి ఖాళీ వరుస వదలడం నా అలవాటు. మా ఆఫీసులో ఇంకెవరికీ లేదు. ఆవిరి, గ్లౌజులు, ట్రాక్టర్ల వాళ్ల అరుపులు, "ఇప్పుడు బాగుండాది సార్" అన్న గొంతు, అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి.  నా ముఖం చూసి ఆ అమ్మాయికి అర్థమైపోయింది. పోయి తన కుర్చీలో కూర్చుని, తలెత్తకుండా ఏదో పని చేసుకుంటున్నట్టు నటించింది. ఆ మర్యాదకు ఆమెకు నేను ఈ జన్మలో రుణపడి ఉంటాను.

ఓనరు గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"ఫ్యాక్టరీ వాళ్లు వచ్చే ఏడాది పని మనకిస్తారో ఇయ్యరో" అన్నాడు.

"తెలుసప్పా."

"కొత్త ఫైలు పెట్టినప్పుడు ఏదో తేడా వచ్చిందని చెప్పేస్తే పోతాది. అదీ అబద్ధం కాదు."

"అప్పుడు తప్పు మన ఇంజనీరు అమ్మాయి మీదికి పోతుంది. ఆమె కూడా చేయలేదు."

ఆయన మళ్లీ ఫ్యాను వైపు చూశాడు. "అట్లయితే నువ్వే పొయ్యి చెప్పు. ఫోన్లో వద్దు, మనిషివి పో. నష్టం గిష్టం అంటే నా నంబరియ్యి" అన్నాడు. మా ఓనరు పిసినారి అని మేమందరం చాటుగా ఎన్ని జోకులేసుకున్నామో! ఆ రోజు నుంచి నేను మానేశాను. నష్టం సంగతి తర్వాత వాళ్లూ వాళ్లూ మాట్లాడుకున్నారు.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే బయల్దేరాను. ఈసారి ఛార్జరు ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. మేనేజరు గదిలో కూర్చుని జరిగింది చెప్పాను. బటన్లు మొదటిరోజే నేను మార్చానని, మూలంలో మార్చడం మర్చిపోయానని, కొత్త ఫైలుతో అవి పాత చోటికి వచ్చాయని, ఆమె చెప్పిందంతా నిజమని. ఆయన చెడ్డమనిషి కాదు. తల పట్టుకున్నాడు.

"సరే సార్. ఆయమ్మను ఈ పొద్దే మెషీను కాడికి పంపిస్తా. దీన్ని ఇంతటితో ఇడిసిపెడదాం. అందరికీ తెలిసేది ఎందుకు, మీకూ బాగుండదు."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది. నలుగురికీ తెలియకుండా పని అయిపోయింది. ఇక ఆమెకు ఒక మాట చెప్పి బస్సెక్కడమే అనుకుంటూ కోత బల్లల దగ్గరికి నడిచాను.

ఆమె కాయ కోస్తోంది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. నన్ను చూసి కత్తి ఆపింది కానీ కింద పెట్టలేదు. గొంతు తగ్గించి చెప్పాను. తప్పు నాదేనమ్మా, మేనేజరుకు అంతా చెప్పేశాను, నువ్వు మళ్లీ మెషీను దగ్గరికి పోవచ్చు. అంతా విన్నది. ఆమె ముఖంలో నేను అనుకున్న సంతోషం కనిపించలేదు.

"లోపల చెప్పినారు, సంతోషం సార్. కానీ నాది తప్పని లోపల చెప్పలా గదా వీళ్లు. ఈడనే, ఈ బల్ల కాడ, అందరి ముందర చెప్పినారు. మూడు దినాలుగా వీళ్లందరూ నన్ను సూసి, ఆడదానికి మెషీను ఎందుకంటా నవ్వుతా ఉండారు. ఇంక ఏ ఆడమనిషినీ ఆడికి పంపరంట. మీరు నా చెవిలో చెప్తే అది పోతాదా?"

గట్టిగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

నేను అటూ ఇటూ చూశాను. నలభై మంది ఆడవాళ్లు, కాయల బుట్టలు మోసే మగవాళ్లు, మేస్త్రీ. మీటింగుల్లో మాట్లాడటం నాకు అలవాటే. కానీ మామిడి తొక్కల మధ్య చొక్కా టక్ చేసుకుని నిలబడి నేను తప్పు చేశాను అని అరిచి చెప్పడం అలవాటు లేదు. మేస్త్రీని అడిగి, కాయలు తెచ్చే బెల్టు మెషీను ఒక్క నిమిషం ఆపించాను. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అమ్మా, అయ్యా, ఆ తెర రాసింది నేను. బటన్లు మార్చింది నేను. మార్చి మర్చిపోయింది కూడా నేనే. ఈమె నొక్కాల్సిన చోటే నొక్కింది. మారలేదని నేను ఫోనులో చెప్పింది తప్పు. గుజ్జు పోయింది నా వల్ల, ఈమె వల్ల కాదు."

 బల్ల చివర ఉన్న ఒక ముసలామె పక్కామెతో, "సదువుకున్నోళ్లు గూడా మా మాదిరే మరిసిపోతారంట సూడు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బెల్టు మళ్లీ కదిలింది. ఆమె కత్తి కింద పెట్టి, వేళ్ల పీలికలు విప్పుకుంటూ, "రాండి సార్, తెర కాడికి" అంది.

తెర ముందు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తను వెనక నిలబడింది. ల్యాప్‌టాప్ తెరిచి, ఈసారి మూలంలోనే బటన్లు మార్చాను. కడుగును తీసుకుపోయి తెరకు పైన ఒక చివర పెట్టాను.

"ఊరికే మారిస్తే సాలదు సార్. కడిగేది నొక్కితే అది ఒక తూరి అడగల్ల."

నాకు ముందే తట్టాల్సిన మాట అది. "ఏమని అడగాలమ్మా?"

"ట్యాంకులో గుజ్జు ఉండాది, సూసినావా, అని."

ఆమె అన్నది అన్నట్టే రాశాను. కమాండు కొట్టాను. కంపైలరు ఆగిపోయి, ఒక వరుస నంబరు చూపించింది. ఆమె ముందుకు వంగి, "ఏమంటా ఉండాది?" అని అడిగింది.

"బ్రాకెట్ మూయలేదు నేను. తప్పు చేశానని, ఏ వరుసలో చేశానో చెబుతోంది."

"మొగం మీదే చెప్పేస్తాదా?"

"చెప్పేస్తుంది."

"మంచిదే" అంది.

బ్రాకెట్ మూసి మళ్లీ కొట్టాను. ఈసారి ఏమీ అనలేదు. కంపైలరు ఏమీ అనకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టు. కొత్త ఫైలు పెట్టి తెర మళ్లీ నడిపించాను. మూలం మార్పును అక్కడే, ఆమె చూస్తుండగానే, ఆఫీసుకు పంపాను. ఇంజనీరు అమ్మాయి నుంచి వెంటనే జవాబు వచ్చింది, చేరింది సార్ అని.

తర్వాత మేనేజరు ఆ ప్రశ్నను మంచి భాషలోకి మార్చమన్నాడు. ఆ భాషకేం తక్కువని నేను మార్చలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ మాటలు మూలంలో అలాగే ఉన్నాయి. నా పనిని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ ముగ్గురే. చెప్పకుండానే పాత ఫైలు దాచిన అమ్మాయి, మనిషివి పో అన్న ఓనరు, చెవిలో చెబితే ఒప్పుకోని ఆమె. వాళ్లు లేకపోతే నేను తప్పు చేయని మనిషిగానే రిటైరయి ఉండేవాణ్ణి. తలుచుకుంటే భయమేస్తుంది.

ఆ రోజు నేను లేచి ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటే ఆమె గ్లౌజులు తొడుక్కుంటోంది.

"ఒక మాట సార్. ఆ పొద్దు ఫోన్లో మీరు మారలేదన్న్యాక, నాకే డౌటొచ్చేసింది. నేనే తప్పు నొక్కినానేమో అని. మూడు దినాలుగా నా చెయ్యిని నేనే నమ్మలా."

"నన్ను క్షమించమ్మా" అన్నాను. 

 ఆమె ట్యాంకు వైపు ఒకసారి చూసింది, సంచుల దగ్గరి మనిషికి సైగ చేసింది. తర్వాత తెర వైపు తల తిప్పకుండానే చెయ్యి చాపి నింపు నొక్కింది. గుజ్జు సంచుల్లోకి పోయింది.